వదిలేసినవాణ్ణే వందల కోట్లు పెట్టి కొనుక్కున్న క్లబ్బు



వార్షికోత్సవ సంచికకు విజ్ఞానదాయకమైన వ్యాసం ఒకటి రాసివ్వమని వార్డెన్ సారు అడిగారు. ఎం.కాం. చదువుతున్నాం కాబట్టి మేము బడ్జెట్ మీదో జీఎస్టీ మీదో రాస్తామని అందరూ అనుకొని ఉంటారు. మేమూ మొదట అదే అనుకున్నాం. కాని ఈ హాస్టల్ వరండాలో మొదలై, తేలకుండా మిగిలిపోయిన పాత వాదన ఒకటి గుర్తుకొచ్చింది. దాని మీదే రాస్తున్నాం.

అది 2016 ఆగస్టు. మేము తొమ్మిదో తరగతి. హాస్టల్‌కు వచ్చే ఒక్క పేపరులో ఆటల పేజీ కోసం రోజూ కొట్లాటే. ఆ రోజు పేజీ దక్కించుకున్న పదో తరగతి అన్న ఒకాయన వార్త పైకి చదివాడు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు పాల్ పోగ్బా అనే ఆటగాణ్ణి ఇటలీలోని యువెంటస్ క్లబ్బు దగ్గర కొనుక్కుంది. ధర 8 కోట్ల 93 లక్షల పౌండ్లు. అప్పటి లెక్కలో మన రూపాయల్లో దాదాపు 780 కోట్లు. అప్పటిదాకా ప్రపంచంలో ఏ ఫుట్‌బాల్ ఆటగాడికీ అంత పెట్టలేదు. మరి ఈ పోగ్బా ఎవరు? నాలుగేళ్ల కిందట అదే మాంచెస్టర్ యునైటెడ్‌లో ఉండి వెళ్లిపోయినవాడు!

"వాళ్లోణ్ణి వాళ్లే కొనుక్కునుడేందన్నా? పిచ్చా వాళ్లకు?" అన్నాడు మా పక్కనున్న ఏడో తరగతి తమ్ముడు. "పైసలెక్కువైతే గట్లనే ఉంటది రా" అన్నాడు అన్న. అంతలో స్టడీ అవర్ బెల్లు కొట్టారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు తెలియడానికి మాకు ఎం.కాం. దాకా పట్టింది.

ముందు కథ చెప్పుకుందాం. పోగ్బా 1993 మార్చిలో పారిస్‌కు దగ్గర్లో పుట్టాడు. తల్లిదండ్రులు ఆఫ్రికాలోని గినీ దేశం నుంచి వలస వచ్చినవాళ్లు. ఆరేళ్ల వయసులో తమ ఊరి చిన్న క్లబ్బు రువాసీ అన్ బ్రీలో బంతి తన్నడం మొదలుపెట్టాడు. పదమూడేళ్లప్పుడు పక్క ఊరి టోర్సీ క్లబ్బుకు, ఏడాది తర్వాత సముద్రం ఒడ్డున ఉన్న ల హావ్ర క్లబ్బు శిక్షణ కేంద్రానికి వెళ్లాడు. 2009లో, పదహారేళ్ల వయసులో, మాంచెస్టర్ యునైటెడ్ తీసుకుపోయింది. మేము పెంచిన పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారని ల హావ్ర అప్పుడు గట్టిగానే గొడవ చేసింది. తర్వాత రాజీ పడ్డారనుకోండి.

మాంచెస్టర్‌లో కుర్రాడి ఆట చూసి అందరూ మెచ్చుకున్నారు, కాని పెద్ద జట్టులో ఆడించలేదు. 2011 చివరికి ఆ జట్టు మధ్య వరుసలో ఆటగాళ్లకు కరువొచ్చింది. గాయాలైనవాళ్లు, జబ్బుపడ్డవాళ్లు. అప్పుడు కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ ఏం చేశాడో తెలుసా? అంతకుముందు వేసవిలోనే ఆట మానేసిన పాల్ స్కోల్స్‌ను, 37 ఏళ్ల మనిషిని, 2012 జనవరిలో మళ్లీ పిలిపించాడు! స్కోల్స్ గొప్ప ఆటగాడే, ఆ మాట కాదనం. కాని పద్దెనిమిదేళ్ల పోగ్బా బెంచీ మీద కూర్చుని అది చూశాడు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు. జీతం దగ్గరా, ఏజెంటు మినో రయోలా దగ్గరా బేరం చెడిందని ఫెర్గూసన్ పక్షం వాదన. అదీ నిజమే కావచ్చు. ఏమైతేనేం, 2012 జూలైలో పోగ్బా యువెంటస్‌కు వెళ్లిపోయాడు. అప్పటికి మాంచెస్టర్ పెద్ద జట్టుకు అతను ఆడినవి అన్నీ కలిపి 7 మ్యాచ్‌లు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఆటగాడు వెళ్లిపోతుంటే క్లబ్బు డబ్బు అడగదా? కాంట్రాక్టు గడువు నడుస్తుంటే అడుగుతుంది. గడువు ముగిస్తే అడగడానికి లేదు. ఈ హక్కు సంపాదించి పెట్టినవాడు బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్. కాంట్రాక్టు అయిపోయాక కూడా తన క్లబ్బు తనను వదలకుండా పట్టుకుంటే కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరు 15న యూరప్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో లక్షాధికారులైన ఆటగాళ్లు ఎందరో ఉన్నారు. కోర్టుల చుట్టూ తిరిగిన బోస్మన్ మాత్రం తర్వాత డబ్బుకు ఇబ్బంది పడ్డాడు. అయితే 23 ఏళ్లలోపు కుర్రాడు దేశం మారితే, పెంచిన క్లబ్బుకు శిక్షణ ఖర్చు కింద కొంత పరిహారం ఇవ్వాలని ఫిఫా నిబంధన. పోగ్బా విషయంలో మాంచెస్టర్‌కు దక్కింది ఆ కొద్దిపాటి పరిహారమే. తర్వాత అతని కోసం పెట్టిన ధర ముందు అది చిల్లర.

ధర ఎందుకు పెరిగిందో అర్థం కావాలంటే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాకు ఒక పడ్డ ఉండేది. మా నాయనకు కాలు విరిగి ఆసుపత్రి ఖర్చు మీదపడితే, ఆరు వేలకు అమ్మేశాం. ఇంకా చూడి కట్టలేదు, పాలిస్తుందో లేదో తెలియదు, అందుకే ఆ ధర. రెండేళ్ల తర్వాత అంగడిలో మా అమ్మ దాన్ని గుర్తుపట్టింది. ఈని, దూడతో ఉంది. పూటకు నాలుగు లీటర్లు ఇస్తుందన్నారు. ధర ముప్పై వేలు. అదే బర్రె, అదే నుదుటి మీద తెల్ల మచ్చ. అమ్మ కాసేపు దాని మెడ నిమిరి ఇంటికొచ్చింది. కొనే తాహతు మాకు లేదు. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఉంది. తేడా అంతే!

పెరిగిన ఇరవై నాలుగు వేలు బర్రెకు కాదు. అది పాలిస్తుందని తేలినందుకు. కొత్త యజమాని రెండేళ్లు మేత వేశాడు, ఎండిపోతుందేమోనన్న భయం భరించాడు. యువెంటస్ చేసింది కూడా అదే. మొదటి సీజన్ నుంచే పోగ్బాను పెద్ద ఆటగాళ్ల మధ్య దింపింది, తప్పులు చేయనిచ్చింది. నాలుగేళ్లలో 178 మ్యాచ్‌లు ఆడాడు. 34 గోల్స్ కొట్టాడు. నాలుగేళ్లూ ఇటలీ లీగ్ టైటిల్ యువెంటస్‌దే. 2014 ప్రపంచ కప్‌లో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి, 2015లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 7 మ్యాచ్‌లు ఎక్కడ, 178 ఎక్కడ! మాంచెస్టర్ 2016లో కొనుక్కున్నది ఆ 178 మ్యాచ్‌లను. ఆ మ్యాచ్‌లు తన దగ్గరే ఆడించి ఉంటే జీతంతో సరిపోయేది. కాని ఒక మాట, తన దగ్గర ఆడించి ఉంటే ఇంత ఆటగాడు అయ్యేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు.

సందర్భం వచ్చింది కాబట్టి మా అనుభవం ఒకటి. ఇంటర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాం. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైందని మమ్మల్ని మంచి సెక్షన్ నుంచి తీసి వెనక సెక్షన్‌లో వేశారు. మూడేళ్ల తర్వాత యూనివర్సిటీలో పీజీ సీటు రాగానే ఆ కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో మా ఫొటో! కింద 'మా ఆణిముత్యం' అని రాశారు. మమ్మల్ని తిరిగి కొనుక్కోవలసిన పని కూడా వాళ్లకు పడలేదు. ఫ్లెక్సీ ఖర్చుతో అయిపోయింది.

ఇక లెక్కల పుస్తకం చూద్దాం. ఇది మా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి. క్లబ్బు ఆటగాణ్ణి కొంటే, కొన్నది మనిషిని కాదు, అతనితో ఆడించుకునే హక్కును. దాన్ని కంటికి కనిపించని ఆస్తిగా పుస్తకంలో రాస్తారు. ధర మొత్తం ఆ ఏడాది ఖర్చుగా చూపరు, కాంట్రాక్టు ఎన్నేళ్లో అన్ని భాగాలు చేస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. పోగ్బా కాంట్రాక్టు ఐదేళ్లు. అంటే ఏడాదికి దాదాపు 1 కోటి 79 లక్షల పౌండ్లు ఖర్చు, జీతం వేరే. ఏటా ఆస్తి విలువ అంత తగ్గుతూ చివరికి సున్నా అవుతుంది.

విచిత్రమేమిటంటే, క్లబ్బు చిన్నప్పటి నుంచి పెంచిన కుర్రాడి విలువ ఈ పుస్తకంలో మొదటి నుంచీ సున్నాయే! కొనలేదు కదా, ధర ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే పెంచినవాణ్ణి అమ్మితే వచ్చిన సొమ్మంతా లాభంగా కనిపిస్తుంది. పెంచినవాళ్లను అమ్మి, బయటివాళ్లను కొనాలన్న ఆశ క్లబ్బులకు ఇక్కడే పుడుతుంది. సొంత ఇంట్లో పెరిగినవాడికి పుస్తకంలో విలువ ఉండదు, బయటికి పోయి తిరిగొస్తే ఆస్తి అవుతాడు. ఈ పాఠం చదివిన రోజే మాకు వరండాలోని వాదన గుర్తొచ్చింది. మొత్తం 10 కోట్ల 50 లక్షల యూరోల అమ్మకంలో తనకు మిగిలిన లాభం సుమారు 7 కోట్ల 26 లక్షల యూరోలని యువెంటస్ అప్పట్లో ప్రకటించింది. తేడాలో పెద్ద భాగం ఏజెంటుకు పోయింది.

మరి అంత పెట్టిన మాంచెస్టర్‌కు గిట్టిందా? మొదటి ఏడాది లీగ్ కప్, యూరోపా లీగ్ గెలిచారు. యూరోపా ఫైనల్లో పోగ్బా గోల్ కొట్టాడు. 2018లో ఫ్రాన్స్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఫైనల్లోనూ కొట్టాడు, కాని అది దేశానికి. క్లబ్బులో గాయాలు, కోచ్‌తో గొడవలు, వైస్ కెప్టెన్సీ తీసేయడం. ప్రీమియర్ లీగ్ టైటిల్ ఒక్కటీ రాలేదు. చివరికి 2022లో కాంట్రాక్టు గడువు ముగిసి మళ్లీ ఉచితంగా వెళ్లిపోయాడు. ఎక్కడికనుకున్నారు? మళ్లీ యువెంటస్‌కే! ఒకే ఆటగాణ్ణి ఒకే క్లబ్బు ఒకే క్లబ్బుకు రెండుసార్లు ఊరికే వదులుకోవడం, మధ్యలో రికార్డు ధర పెట్టి కొనడం. ఈసారి యువెంటస్‌కూ కలిసిరాలేదు. మోకాలి గాయం, తర్వాత 2023లో డోపింగ్ పరీక్షలో దొరకడం, నాలుగేళ్ల నిషేధం. పై న్యాయస్థానం దాన్ని 18 నెలలకు తగ్గించింది. 2025లో అతను ఫ్రాన్స్ లీగ్‌లో ఆడే మొనాకో క్లబ్బులో చేరాడు.

తిరిగి కొనడం ప్రతిసారీ నష్టమేనని మాత్రం అనుకోవద్దు. లండన్‌లోని చెల్సీ క్లబ్బు సెర్బియా ఆటగాడు నెమాన్యా మాటిచ్‌ను 2011లో వేరే ఆటగాడి కొనుగోలులో భాగంగా పోర్చుగల్‌లోని బెన్ఫికాకు ఇచ్చేసింది. 2014 జనవరిలో 2 కోట్ల 10 లక్షల పౌండ్లు పెట్టి వెనక్కి తెచ్చుకుంది. అతనితో రెండు లీగ్ టైటిళ్లు గెలిచి, 2017లో దాదాపు రెట్టింపుకు అమ్మింది. అదే చెల్సీ 2014లో 2 కోట్ల 80 లక్షల పౌండ్లకు అమ్మిన రొమేలు లుకాకును 2021లో 9 కోట్ల 75 లక్షలకు కొని, ఏడాది తిరగకుండానే అద్దెకు పంపింది. మాటిచ్‌కు జట్టులో ఖాళీగా ఉన్న స్థానం ఒకటి ఎదురుచూస్తోంది. లుకాకును కొన్నాక స్థానం వెతికారు. మా దృష్టిలో తేడా అదే.

ఈ బాధ లేకుండా ఒక ఉపాయం ఉంది. అమ్మేటప్పుడే కాగితం మీద రాసుకోవడం: ఇన్నేళ్లలోపు, ఇంత ధరకు, మాకు కావాలంటే తిరిగి ఇవ్వాలి అని. మన దగ్గర పొలం తాకట్టు పెట్టినప్పుడు, బాకీ తీరిస్తే పొలం తిరిగి ఇవ్వాలని రాయించుకుంటాం చూడండి, కొంచెం అలాంటిది. స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ దీనిలో ఆరితేరింది. డానీ కార్వహాల్ పదేళ్లప్పటి నుంచి ఆ క్లబ్బు పిల్లవాడు. 2004లో క్లబ్బు కొత్త శిక్షణ కేంద్రానికి శంకుస్థాపన చేసినప్పుడు, గొప్ప ఆటగాడు ఆల్ఫ్రెడో డి స్టెఫానో పక్కన నిలబడి మొదటి రాయి వేసింది ఈ పన్నెండేళ్ల బాలుడే. 2012లో పెద్ద జట్టులో చోటులేక అతన్ని దాదాపు 50 లక్షల యూరోలకు జర్మనీలోని లెవర్‌కూసెన్‌కు అమ్మారు, తిరిగి కొనే షరతు పెట్టుకుని. ఏడాది అక్కడ బ్రహ్మాండంగా ఆడాడు. బజారులో అతని ధర ఎంత పెరిగినా, కాగితం మీద రాసిన 65 లక్షల యూరోలకే వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత ఆరుసార్లు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. 2024 ఫైనల్లో మొదటి గోల్ అతనిదే.

ఐపీఎల్ చూసే తమ్ముళ్లు "ఇది రైట్ టు మ్యాచ్ కార్డే కదన్నా" అంటారు. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. ఐపీఎల్ వేలంలో పాత జట్టు ఆ కార్డు వాడితే, అవతలి జట్టు పాడిన పెద్ద పాట కట్టాల్సిందే. ధర ముందే తెలియదు. పైగా ఆ డబ్బు ఆటగాడి జీతం, వేరే జట్టుకు పోదు. ఫుట్‌బాల్‌లో ధర క్లబ్బు నుంచి క్లబ్బుకు పోతుంది, ఆటగాడి జీతం దానికి అదనం.

చివరగా, మాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన విషయం. ఇన్ని కోట్లు చేతులు మారుతుంటే, ఆరేళ్ల పిల్లవాడికి బంతి ఇచ్చిన ఆ ఊరి క్లబ్బుకు ఏం దక్కింది? ఫిఫా 2001 నుంచి సాలిడారిటీ అనే నిబంధన పెట్టింది. ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో ఒక దేశం నుంచి మరో దేశానికి అమ్ముడైతే, ధరలో 5 శాతం అతని 12 నుంచి 23 ఏళ్ల వయసు మధ్య పెంచిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 దాకా సీజన్‌కు పావు శాతం, 16 నుంచి 23 దాకా సీజన్‌కు అర శాతం. మేము కూర్చుని పోగ్బాకు లెక్క కట్టాం. రువాసీకి రెండు సీజన్లు, అర శాతం, అంటే 5 లక్షల 25 వేల యూరోలు. అప్పటి మన లెక్కలో దాదాపు నాలుగు కోట్ల రూపాయలు. టోర్సీకి ఒక్క సీజన్, 2 లక్షల 62 వేల 500. ల హావ్రకు 7 లక్షల 87 వేల 500. యువెంటస్‌కు నాలుగు సీజన్లకు 21 లక్షలు. మిగిలిన 15 లక్షల 75 వేలు ఎవరికి? పోగ్బాను మూడేళ్లు పెంచినందుకు మాంచెస్టర్ యునైటెడ్‌కే! తాను కట్టే ధరలోంచి తన వాటా తానే మినహాయించుకోవచ్చన్నమాట. నవ్వొచ్చింది మాకు.

వయసు లెక్క పన్నెండు నుంచే కాబట్టి, ఆరు నుంచి పదకొండేళ్ల దాకా నేర్పిన చదువుకు కాణీ రాదు. ధర ఉంటేనే ఈ వాటా. 2012లో, 2022లో పోగ్బా ఉచితంగా మారినప్పుడు ధరే లేదు, కాబట్టి ఆ ఊరి క్లబ్బుకు ఈ నిబంధన కింద వచ్చేది సున్నా. పెద్ద క్లబ్బు కుర్రాణ్ణి ఊరికే పోగొట్టుకుంటే నష్టం దానికొక్కదానికే కాదు.

ఇంకో చిక్కు ఏమిటంటే, వాటా రావాలంటే పిల్లవాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తమ క్లబ్బులో నమోదై ఉన్నాడో రికార్డు ఉండాలి. పదేళ్ల కిందటి కాగితాలు లేక, అడగాలని తెలియక వదులుకున్న చిన్న క్లబ్బులు చాలా ఉన్నాయి. అందుకే ఫిఫా 2022 నవంబరులో క్లియరింగ్ హౌస్ అని ఒక ఆఫీసు తెరిచింది. ఆటగాడి నమోదు వివరాలు కంప్యూటరులో చూసి, ఎవరి వాటా వారికి అదే పంపుతుంది.

ఇది రాయడానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు వార్డెన్ సారు బీరువా తీసి మా సంవత్సరం అడ్మిషన్ రిజిస్టరు చూపించారు. మా పేరు పక్కన మా నాయన వేలిముద్ర ఉంది. ఏడో తరగతి పేజీలో ఆ ప్రశ్న అడిగిన తమ్ముడి పేరు కూడా దొరికింది. పదో తరగతి తర్వాత పట్నంలో పనికి వెళ్లాడని విన్నాం. ఈ సంచిక అతనికి చేరవేయగల పూర్వ విద్యార్థులెవరైనా ఉంటే దయచేసి అందించగలరు. అతని ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది.